పాటను మింగని రైడ్, పలికి తప్పుకునే క్రాష్: సింబల్స్ ఎలా ఎంచుకోవాలి

2006లో, ఏడాది పాటు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించి దాచుకున్న డబ్బుతో నా మొదటి మంచి రైడ్ సింబల్ కొన్నాను. సింబల్ అంటే డ్రమ్ సెట్‌లో కర్రతో కొట్టే లోహపు పళ్లెం. 20 అంగుళాల హెవీ రైడ్. షాపులో కొడితే ప్రతి దెబ్బా గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు 'టింగ్, టింగ్'మని విడివిడిగా పలికింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ ఆదివారమే తీసుకెళ్లి చర్చిలో బిగించాను. మాది సికింద్రాబాద్‌లో చిన్న చర్చి. చుట్టూ సిమెంటు గోడలు, పైన రేకులు, 150 మంది పడతారు. రెండో పాట అయ్యాక క్వయర్‌లో పాడే పెద్దావిడ ఒకరు నా దగ్గరికి వచ్చి, "బాబూ, ఆ పళ్లెం మోతలో మేం పాడే మాటలు మాకే వినపడట్లేదయ్యా, కాస్త చూడు" అన్నారు.

మెల్లగా వాయించి చూశాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మెల్లగా కొడితే ఆ బరువైన సింబల్ ఒళ్లు కదలదు, ఉత్త టిక్కు తప్ప నాదం రాదు. కదిలేంత గట్టిగా కొడితే ఆ మోత రేకులకి తగిలి తిరిగొచ్చి పాట మీద కూర్చుంటుంది. ఆ రైడ్‌లో లోపమేమీ లేదు. షాపులో నేను దాన్ని ఒంటరిగా, పక్కన ఏ గొంతూ లేకుండా విని కొన్నాను. తప్పు అక్కడ జరిగింది.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు "సార్, ఏ కంపెనీ కొనమంటారు?" అని అడుగుతారు. నేను ముందు వాళ్లని మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎక్కడ వాయిస్తావు? నీ పక్కన ఎవరు పాడతారు, ఏం వాయిస్తారు? సింబల్స్ మీద మైకులు ఉంటాయా, ఉండవా? ఈ మూడింటికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

రైడ్ పని వేరు, క్రాష్ పని వేరు

రైడ్ మీద చెయ్యి ఆగకుండా నడుస్తుంది. పాట నడక అక్కడ ఉంటుంది. కూచిపూడి నాట్యంలో నట్టువాంగం పట్టే గురువుగారి చేతి తాళాలు ఏ పని చేస్తాయో, చాలా సంగీతాల్లో రైడ్ ఆ పని చేస్తుంది. జాజ్ సంగీతంలో ఇది మరీ స్పష్టం. అంతకుముందు నడకని ఎక్కువగా కాలితో కొట్టే బేస్ డ్రమ్ మోసేది. 1940ల మొదట్లో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్‌లో వాయించిన డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ లాంటి వాళ్లు ఆ బాధ్యతని రైడ్ మీదికి తెచ్చారు. కాలు ఖాళీ అయి, అక్కడక్కడా దెబ్బలు వెయ్యడానికి వీలైంది. కాబట్టి రైడ్‌లో మనం వెతకాల్సింది వరసగా వందల దెబ్బలు పడ్డా ఒక్కొక్కటి విడిగా వినపడడం, వాటి వెనకాల సన్నటి హోరు ఉండడం.

క్రాష్ ఒక్క దెబ్బ. చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చేటప్పుడు, ఒక ఫిల్ (లైన్ల మధ్య ఖాళీని డ్రమ్స్‌తో నింపే చిన్న ముక్క) ముగిసేటప్పుడు. వెంటనే విచ్చుకోవాలి, చెప్పాల్సింది చెప్పి తప్పుకోవాలి. ఎక్కువసేపు నిలబడే క్రాష్ షాపులో గొప్పగా ఉంటుంది, పాటలో మాత్రం తర్వాతి లైన్‌కి అడ్డం వస్తుంది.

సింబల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది బెల్. అక్కడి నుంచి అంచు వరకు వాలుగా ఉండేది బో. రైడ్‌కి బెల్, బో రెండూ ముఖ్యం. క్రాష్‌కి అంచు ముఖ్యం. అంచు పల్చగా ఉంటేనే తొందరగా పలుకుతుంది.

కొలత కంటే తూకం

కొత్తగా కొనేవాళ్లు అంగుళాలు మాత్రమే చూస్తారు. నేను గ్రాములు చూడమంటాను. ఒకే సైజులో ఉన్న రెండు 20 అంగుళాల రైడ్‌లు, ఒకటి 1,800 గ్రాములు, ఇంకొకటి 2,900 గ్రాములు ఉండొచ్చు. అవి రెండూ అసలు ఒకే వాద్యం కాదనిపిస్తుంది.

బరువు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. కర్ర దెబ్బ 'టింగ్'మని పైకి తేలుతుంది, హోరు తగ్గుతుంది, బెల్ గట్టిగా మోగుతుంది, మోత చాలాసేపు నిలుస్తుంది. కదిలించడానికి బలం కావాలి. బరువు తగ్గితే శ్రుతి కిందికి దిగుతుంది, చిన్న దెబ్బకే ఒళ్లంతా కదులుతుంది, హోరు తొందరగా లేస్తుంది, తొందరగా అణుగుతుంది. సైజు పెరిగితే శ్రుతి దిగుతుంది, శబ్దం పెరుగుతుంది, విచ్చుకోవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. బెల్ పెద్దదైతే మోత, నిలకడ పెరుగుతాయి. చిన్నదైతే సింబల్ అదుపులో ఉంటుంది.

సుమారు లెక్క కావాలంటే ఇలా పెట్టుకోండి. 22 అంగుళాల పల్చని రైడ్ 2,000 నుంచి 2,300 గ్రాములు. 20 అంగుళాల మీడియం రైడ్ 2,200 నుంచి 2,500. 18 అంగుళాల పల్చని క్రాష్ 1,250 నుంచి 1,400. 16 అంగుళాలది 900 నుంచి 1,000. కంపెనీ 'మీడియం', 'థిన్' అని రాసే పేర్లకి ఒకటే కొలత లేదు. ఒకరి మీడియం ఇంకొకరి హెవీ. తూకం మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆన్‌లైన్‌లో కొంటున్నా, సెకండ్ హ్యాండ్ అయినా, "తూకం ఎంత, త్రాసు మీద పెట్టి ఫొటో పంపుతారా?" అని అడగండి. మంచి కంపెనీలు కొన్ని ఈ తూకాన్ని బెల్ లోపలి వైపు మార్కర్‌తో రాసి ఇస్తాయి. రాసి లేకపోతే కిరాణా కొట్టు త్రాసు చాలు. నేను అలాగే వేయించుకుంటాను.

లోహం సంగతి

కంచు మోగినట్టు కనకం మోగదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒట్టి రాగి మెత్తన. దానిలో తగరం కలిస్తే గట్టిపడి మోగుతుంది. మంచి సింబల్స్‌లో ఎక్కువ భాగం బీ20 అనే కంచుతో చేస్తారు. అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. ఇంత తగరం ఉన్న కంచు చల్లగా ఉన్నప్పుడు పెళుసు. అందుకే ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీస్తారు, తర్వాత నీళ్లలో ముంచుతారు. ఉక్కుని అలా ముంచితే బిరుసెక్కుతుంది. ఈ కంచు మాత్రం సుత్తి దెబ్బలకి లొంగేలా మారుతుంది. ఆ తర్వాతే సుత్తితో కొట్టి ఆకారం తెస్తారు, లేత్ మీద పెట్టి గీతలు చెక్కుతారు. ఆ గీతల వల్ల లోహం పల్చబడి సింబల్ విచ్చుకుంటుంది. చెక్కకుండా వదిలేసినవి పొడిగా, తక్కువ హోరుతో మోగుతాయి.

బీ8లో 92 పాళ్లు రాగి, 8 పాళ్లు తగరం. రేకు నుంచి కోసి చేస్తారు కాబట్టి చవకైన సెట్లలో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. ఇంకా కిందికి వెళ్తే ఇత్తడి, అంటే రాగి, జింకు. ఇత్తడి సింబల్ నేర్చుకోవడానికి పనికొస్తుంది, స్టేజీ మీద మాత్రం గిన్నె మోత మోగుతుంది. అయితే బీ8 అంటే తక్కువ రకం అని కొట్టిపారెయ్యకండి. స్విట్జర్లాండ్‌కి చెందిన పైస్టీ కంపెనీ 2002 సిరీస్ బీ8తోనే చేస్తుంది. లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 24 అంగుళాల రైడ్ అందులోదే. బ్రైట్‌గా (పై శ్రుతులు మెరిసేలా), సూటిగా, దూరం వెళ్లే శబ్దం కావాలంటే ఆ లోహం తగినదే.

కంపెనీల గురించి రెండు ముక్కలు. జిల్జియన్ 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైంది, ఇప్పుడు అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉంది. ఆ కుటుంబంలోని రాబర్ట్ జిల్జియన్ విడిపోయి 1981లో కెనడాలో సేబియన్ పెట్టారు. టర్కీలో చేత్తో కొట్టే పద్ధతి ఇస్తాంబుల్ అగోప్, ఇస్తాంబుల్ మెహ్మెత్ లాంటి వాళ్ల దగ్గర ఇంకా నడుస్తోంది. జర్మనీ కంపెనీ మైనల్ తన బైజాన్స్ సిరీస్‌ని టర్కీలోనే చేయిస్తుంది. అన్ని కంపెనీల్లోనూ మంచి సింబల్ ఉంది, మన పాటకి సరిపడనిదీ ఉంది.

ఏ పాటకి ఏది

ముందు జాజ్. మన ఆర్కెస్ట్రాల్లో డ్రమ్ సెట్ మొత్తాన్నీ 'జాజ్' అంటారు కాబట్టి చెప్తున్నాను, ఇక్కడ నేనంటున్నది ఆ సంగీత పద్ధతి. దీనికి 20 లేదా 22 అంగుళాల పల్చని రైడ్, డార్క్ శబ్దం ఉన్నది కావాలి. డార్క్ అంటే కింది శ్రుతులు ఎక్కువగా, పై మెరుపు తక్కువగా ఉండడం. 'టింగ్, టింగ్-క-టింగ్' నడక మెల్లగా వాయించినా కర్ర మొన వినపడాలి, దాని కింద హోరు పొగలాగా ఉండాలి. ఆ రైడ్ అంచు మీద కర్ర భుజంతో, అంటే మొన వెనకాల ఉండే భాగంతో, కొడితే క్రాష్‌లా కూడా విచ్చుకోవాలి. జాజ్ వాళ్లు చాలామంది విడిగా క్రాష్ పెట్టుకోరు, ఎడమ వైపు ఇంకో పల్చని 18 లేదా 20 పెట్టుకుని రెండింటినీ రెండు పనులకీ వాడతారు. పియానో, డబుల్ బేస్ మాత్రమే ఉండి గది చిన్నదైతే బెల్ లేని ఫ్లాట్ రైడ్ చూడండి. బెల్ లేకపోతే హోరు పేరుకోదు. 1968లో పియానో వాద్యకారుడు చిక్ కొరియా ట్రయోలో డ్రమ్మర్ రాయ్ హేన్స్ వాయించిన ఫ్లాట్ రైడ్‌ని చెవులు రిక్కించి వినండి. అంత వేగంలోనూ ఒక్క దెబ్బ ఇంకో దెబ్బ మీద పడదు.

ఫ్లాట్ రైడ్‌ని నేను ఇంకోచోట కూడా వాడతాను. వయొలిన్, మృదంగం ఉన్న ఫ్యూజన్ కచేరీల్లో. మృదంగం కుడివైపు పలికే సన్నని మాటలు, 'ధిం'లు, 'నం'లు, హోరెక్కువ ఉన్న రైడ్ కింద నలిగిపోతాయి. వయొలిన్ గమకం చివర సన్నగా సాగే తీగ కూడా అంతే. అక్కడ నేను ఫ్లాట్ రైడ్, ఒక 16 అంగుళాల పల్చని క్రాష్, కర్రలకి బదులు సన్నటి పుల్లల కట్టలు వాడతాను. మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనంలో అయితే సింబల్ జోలికే వెళ్లను.

రాక్‌కి లెక్క తిరగబడుతుంది. రెండు ఎలక్ట్రిక్ గిటార్లు డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చేది) పెట్టి వాయిస్తుంటే పల్చని డార్క్ రైడ్ ఎక్కడో మునిగిపోతుంది. గిటార్ హోరు, సింబల్ హోరు ఒకే చోట ఉంటాయి కాబట్టి రెండూ కలిసిపోతాయి. 20 నుంచి 22 అంగుళాల మీడియం లేదా మీడియం హెవీ రైడ్, పెద్ద బెల్ ఉన్నది తీసుకోండి. క్రాష్‌లు 18, 19. హెవీ మెటల్ అనే మరీ గట్టి రాక్ వాయించేవాళ్లకి రెండు కాళ్లూ బేస్ డ్రమ్ మీద పరిగెడుతుంటాయి. అప్పుడు చెయ్యి ఎక్కడుందో వినేవాళ్లకి చెప్పేది బెల్ ఒక్కటే. అక్కడ నిజంగా హెవీ రైడ్ కావాలి.

కానీ క్రాష్ విషయంలో ఒక మాట. గట్టిగా కొడతాం కాబట్టి బరువైన క్రాష్ పగలకుండా ఉంటుందని చాలామంది కొంటారు. బరువైన క్రాష్ తొందరగా విచ్చుకోదు. అది పలకడం లేదని ఇంకా గట్టిగా కొడతాం, అప్పుడే అంచు చీలుతుంది. దానికంటే ఒక సైజు పెద్దది, కాస్త పల్చనిది మేలు. శబ్దం పెద్దదిగా వస్తుంది, చెయ్యి తేలికగా ఉంటుంది. ఇది నా అనుభవంలో తేలినది, ఇందులో నాకు సందేహం లేదు.

సినిమా పాటల ఆర్కెస్ట్రాకి వద్దాం. నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే. ఒక స్టేజీ మీద కీబోర్డ్, రిథమ్ ప్యాడ్, ఢోలక్, తబలా, బేస్ గిటార్, ముగ్గురు నలుగురు సింగర్లు. గంటలో మెలోడీ, మాస్ పాట, జానపదం, భక్తి పాట అన్నీ వస్తాయి. ప్రతిదానికీ వేరే సింబల్ మార్చలేం. నాకు కుదిరిన సెట్ ఇది: 20 అంగుళాల మీడియం రైడ్, సుమారు 2,300 గ్రాములు, బెల్ స్పష్టంగా ఉన్నది. 16, 18 పల్చని క్రాష్‌లు. మెలోడీలో రైడ్ బో మీద కర్ర మొనతో నడుస్తాను. ఆరు దెబ్బల నడకలో సాగే మాస్ పాటల్లో బెల్ మీదికి వెళ్తాను, ఆ గందరగోళంలో బెల్ ఒక్కటే వినపడుతుంది. ఢోలక్ వాయించే అన్న కుడి చెయ్యి 'టకటక'లు, నా రైడ్ టిక్కులు ఒకే ఎత్తులో పడితే ఇద్దరమూ వినపడం. అందుకే ఢోలక్ బాగా ముందుండే పాటల్లో రైడ్ వదిలేసి హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) మూసి వాయిస్తాను. ఏ రైడ్ కొన్నా ఈ సర్దుబాటు తప్పదు. ఆరుబయట స్టేజీ అయితే గోడలు లేవు కాబట్టి మోత తిరిగి రాదు, మీడియం క్రాష్ కూడా బాగానే ఉంటుంది. అదే సెట్ కల్యాణ మండపంలో పెడితే చెవులు గింగురుమంటాయి. మీ ప్రోగ్రాములు ఎక్కువగా మండపాల్లోనైతే పల్చనివే కొనండి.

చర్చికి, చిన్న హాలుకి, మైకులు లేని ఏ గదికైనా నా సలహా ఒకటే: పల్చనివి, డార్క్‌గా ఉన్నవి, తొందరగా అణిగేవి. 20 అంగుళాల పల్చని రైడ్, 16, 17 అంగుళాల క్రాష్‌లు. 'స', 'శ', 'చ' లాంటి అక్షరాల ఒరిపిడి పై శ్రుతుల్లో ఉంటుంది. బ్రైట్ సింబల్ హోరూ అక్కడే ఉంటుంది. మాట అర్థం కావడానికి ఆ అక్షరాలే ఆధారం కాబట్టి, గొంతు ఎంత పెద్దదైనా మాట మసకబారుతుంది. మా క్వయర్ పెద్దావిడ చెప్పింది అక్షరాలా ఇదే.

స్టూడియో రికార్డింగ్‌కి కూడా ఇంచుమించు చర్చి సింబల్సే పనికొస్తాయి. పైన వేలాడే మైకులు ప్రతి చిన్న హోరునీ పట్టుకుంటాయి, టామ్‌లు అనే డ్రమ్స్ మైకుల్లోకి కూడా క్రాష్ కారిపోతుంది. రెగె, లాటిన్ వాయించేవాళ్లు మంచి బెల్ ఉన్న మీడియం రైడ్ చూసుకుంటే చాలు.

షాపులో ఏం చెయ్యాలి

మీ కర్రలు మీరు తీసుకెళ్లండి. 5ఏ సైజు కర్ర వాడేవాళ్లు ఇంకా లావైన 5బీతో కొట్టి చూస్తే వేరే సింబల్ విన్నట్టే. నైలాన్ మొన ఉన్న కర్ర ప్రతి రైడ్‌నీ బ్రైట్‌గా, స్పష్టంగా వినిపిస్తుంది. మీరు చెక్క మొన వాడితే చెక్క మొనతోనే వినండి. సింబల్‌ని స్టాండ్ మీద పెట్టించి, పైన బిగించే వింగ్ నట్ వదులుగా ఉంచండి. చేత్తో పట్టుకుని కొట్టి నిర్ణయించకండి. పక్కన గోడకి వేలాడే ఇరవై సింబల్స్ మీరు కొట్టినప్పుడల్లా తోడుగా మోగుతాయి. వీలైతే స్టాండ్‌ని కొంచెం దూరం జరిపించండి.

రైడ్ మీద ముందు గట్టిగా కొట్టకండి. మీరు వాయించే పాట వేగంలో, మీరు వాయించే బలంతో, ఆపకుండా ఒక నిమిషం నడవండి. మొదటి పది సెకన్లు ప్రతి రైడ్ బాగుంటుంది. నలభై సెకన్ల తర్వాత హోరు పేరుకుని టిక్కుని మింగేస్తోందా, లేక ఒక స్థాయి దగ్గర ఆగిందా వినండి. తర్వాత బెల్, చివరికి అంచు.

క్రాష్‌ని మూడు బలాల్లో కొట్టండి. మెల్లగా తగిలించినా పూర్తిగా విచ్చుకుంటే అది మంచి క్రాష్. గట్టిగా కొట్టి మనసులో లెక్కపెట్టండి, ఎన్ని అంకెలకి అణిగిందో చూడండి. రెండు క్రాష్‌లు కొంటుంటే ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, శ్రుతులు విడివిడిగా ఉన్నాయో లేదో వినండి. 16, 18 అయితే ఆ తేడా మామూలుగా ఉంటుంది, అయినా బరువు తేడాల వల్ల 18 శ్రుతి 16కి దగ్గరగా రావడం నేను చూశాను. అలా వస్తే రెండు కొన్న ప్రయోజనం ఉండదు. రైడ్ అంచు మీద కొట్టినప్పుడు అది రెండు క్రాష్‌ల కంటే కింది శ్రుతిలో ఉంటే సెట్ కుదిరినట్టు.

ఇప్పుడు అసలు పరీక్ష. తోడు వచ్చిన స్నేహితుణ్ణి డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టి, మీరు 15 అడుగుల దూరం వెళ్లి వినండి. డ్రమ్మర్ చెవికి గరగరలాడే సింబల్ దూరానికి మెత్తగా వినపడొచ్చు, మీకు తియ్యగా ఉన్నది దూరానికి అసలు వినపడకపోవచ్చు. ఆ తర్వాత మీరు వాయిస్తుండగా అతన్ని పక్కన నిలబడి మామూలు గొంతుతో ఏదైనా పాట పాడమనండి. మాటలు తెలుస్తున్నాయా? మొహమాట పడకండి. నేను 2006లో ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ హెవీ రైడ్ ఇంటికి వచ్చేది కాదు. ఆ రోజు నుంచి నేను కొన్న ప్రతి సింబల్‌కీ, పిల్లలకి కొనిపెట్టిన ప్రతి సింబల్‌కీ ఎవరో ఒకరు పక్కన పాడారు. ఒకసారి షాపులో కుర్రవాడే భక్తి పాట ఎత్తుకుని రెండు చరణాలు పాడాడు, ఎంత బాగా పాడాడో.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చు, కానీ రెండు సింబల్స్‌ని పోల్చడానికి మాత్రమే. ఫోన్ దగ్గరి శబ్దాన్ని నొక్కేస్తుంది, అది వినిపించేది అసలు శబ్దం కాదు.

సెకండ్ హ్యాండ్‌లో

మన దగ్గర మంచి బీ20 సింబల్స్ కొత్తవి కొనాలంటే భారమే. పాతవి కొనడంలో నామోషీ లేదు. కంచు అరగదు, పాతబడ్డ రైడ్ చాలాసార్లు ఇంకా మెత్తగా, తియ్యగా మోగుతుంది. చూడాల్సింది చీలికలు. అంచు చుట్టూ గోరు పెట్టి నెమ్మదిగా తిప్పండి, చీలిక ఉంటే గోరు పట్టుకుంటుంది. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లేత్ గీతల వెంట చూడండి, గీతలో కలిసిపోయిన సన్నటి చీలిక వెలుగు గీతలా కనపడుతుంది. బెల్, బో కలిసే చోటు మరింత జాగ్రత్తగా చూడండి. మధ్య రంధ్రం గుండ్రంగా కాకుండా ఒక వైపు తాళం రంధ్రంలా సాగి ఉంటే, స్లీవ్ (కడ్డీకి వేసే ప్లాస్టిక్ తొడుగు) లేకుండా ఇనుప కడ్డీ మీద వాయించారన్నమాట. అది కొద్దిగానే ఉంటే పర్లేదు. అంచు చీలినది ఎంత చవకైనా వద్దు, ఆ చీలిక పాకుతుంది. మెల్లగా ఒకసారి కొట్టి చివరిదాకా వినండి, తోకలో జరజరమని వస్తే ఎక్కడో చీలిక ఉంది.

డబ్బు కొద్దిగా ఉన్నవాళ్లు ముందు మంచి హైహ్యాట్ కొనండి, అది ప్రతి పాటలో ఉంటుంది. తర్వాత రైడ్. ఆ తర్వాత ఒక్క 18 అంగుళాల క్రాష్. ఐదు సింబల్స్ ఉన్న ఇత్తడి ప్యాక్ కంటే ఈ మూడు మేలు. స్ప్లాష్, చైనా లాంటి ప్రత్యేక సింబల్స్ గురించి తర్వాత ఎప్పుడైనా ఆలోచించవచ్చు.

కొన్నాక

స్టాండ్ కడ్డీకి ప్లాస్టిక్ స్లీవ్, కింద పైన ఫెల్ట్ (మెత్తటి బిళ్లలు) ఉండాలి. అవి కొన్ని రూపాయల వస్తువులు, అవి లేక వేల రూపాయల సింబల్ పాడవుతుంది. వింగ్ నట్ బిగించకండి, సింబల్ ఊగాలి. క్రాష్‌ని మీ వైపు కొంచెం వంచి, కర్ర అంచుని ఒరుసుకుంటూ పక్కకి జారేలా కొట్టండి, నిటారుగా గొడ్డలి వేటులా కాదు.

శుభ్రం చెయ్యడం గురించి అడుగుతారు. ఒక పండగకి మా అమ్మ ఇంట్లో ఇత్తడి, కంచు సామానుతో పాటు నా రైడ్‌కి కూడా చింతపండు పట్టించి తోమింది. అద్దంలా మెరిసింది, కంపెనీ ముద్ర సగం పోయింది, నాకు శబ్దం కూడా కొంచెం బ్రైట్‌గా మారినట్టనిపించింది. అమ్మ ఎంత ప్రేమగా తోమిందో నాకు తెలుసు, ఆ మెరుపు ఉన్నన్ని రోజులూ దాన్ని చూసి మురిసిపోయాను. కానీ డార్క్ శబ్దం కోసం కొన్న సింబల్‌ని అలాగే వదిలెయ్యండి. వాయించాక పొడిగుడ్డతో వేలిముద్రలు తుడిస్తే చాలు.

ఇప్పటికే కొనేశారు, మోత ఎక్కువైంది, మార్చే డబ్బు లేదు అంటారా? రైడ్ కింది వైపు, బెల్ నుంచి అంచు వైపుగా రెండు అంగుళాల పొడవున గుడ్డ టేప్ ముక్క ఒకటి అతికించండి. వాయించండి, వినండి. చాలకపోతే ఎదురువైపు ఇంకొకటి. ఒకేసారి నాలుగు అతికిస్తే సింబల్ చచ్చిపోతుంది. కర్ర మొన చిన్నగా, గుండ్రంగా ఉన్నది వాడండి, బెల్‌కి కొంచెం దగ్గరగా వాయించండి, అక్కడ హోరు తక్కువ. నా హెవీ రైడ్‌తో చర్చిలో ఎనిమిది నెలలు ఇలాగే నెట్టుకొచ్చాను. ఇప్పుడు అది మెటల్ బ్యాండ్‌లో వాయించే నా పాత శిష్యుడి దగ్గర ఉంది. టేప్ జిగురు మరక ఇంకా పోలేదు. మొన్న వాళ్ల రిహార్సల్‌కి వెళ్తే, రెండు గిటార్ల మధ్యలోంచి ఆ బెల్ ఒక్కో దెబ్బా గేటు బయటికి వినపడింది.